కట్టర్‌తో కోసిన కుకీలు ఓవెన్‌లో ఆకారం కోల్పోకుండా ఉండాలంటే

మీరు రాసిన వివరాలు ఇవీ: నక్షత్రం, ఏనుగు ఆకారాల స్టీలు కట్టర్లు కొన్నారు. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు బటర్, కప్పు పంచదార, ఒక చెంచా బేకింగ్ పౌడర్, కాసిని పాలు కలిపి చేశారు. కోసినప్పుడు ముచ్చటగానే ఉన్నాయి. పావుగంట తర్వాత చూస్తే నక్షత్రాలన్నీ గుండ్రంగా అయిపోయాయి, ఏనుగు తొండం ముందుకాళ్లలో కలిసిపోయింది. ఊరు విజయవాడ, నెల మే. వచ్చే నెల మొదట్లో మీ బాబు పుట్టినరోజుకు స్నేహితులకు పంచాలి, గుడ్డు వాడకూడదు. తప్పు కట్టర్‌దా, 19 లీటర్ల చిన్న ఓటీజీదా (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) అని అడిగారు. మైదా బదులు గోధుమ పిండి వాడవచ్చా అని కూడా అడిగారు.

కట్టర్‌లో లోపం లేదండి, ఓటీజీలోనూ లేదు. మీ కొలతల్లో కొంత ఉంది, మీ వంటింటి వేడిలో అంతకంటే ఎక్కువ ఉంది. ఏళ్ల తరబడి ఇంట్లో కుకీలు చేస్తూ, నేర్చుకోవాలని వచ్చినవారికి నేర్పుతూ నేను గట్టిగా నమ్మేది ఒకటే: కట్టర్ ఆకారాన్ని గీస్తుంది, దాన్ని నిలబెట్టేది చల్లదనం. ఓవెన్‌లోకి వెళ్లే క్షణంలో పిండి ముద్ద ఎంత చల్లగా ఉందన్న దాని మీదే మీ ఏనుగుకు తొండం మిగులుతుందా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

మన పిండివంటలతో పోల్చి చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది. గులాబీ పువ్వులు చేసేటప్పుడు అచ్చును ముందే నూనెలో కాచి, పిండిలో ముంచి, మళ్లీ నూనెలో పెడతాం. పిండి గట్టిపడేదాకా అచ్చు దానికి అంటుకునే ఉంటుంది, గట్టిపడ్డాకే వదులుతుంది. కుకీ సంగతి వేరు. కట్టర్ తన పని ముగించుకుని ముందే వెళ్లిపోతుంది. ఆ తర్వాత పిండి ఒంటరిగా వేడిలోకి వెళ్తుంది, దాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. పైగా అందులో కొవ్వు చాలా ఎక్కువ. బటర్‌లో దాదాపు 80 శాతం కొవ్వు, 16 శాతం వరకు నీరు ఉంటాయి. అది 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో పొయ్యి వెలిగించకముందే అంత వేడి ఉంటుంది. అంటే మీరు కోస్తున్నప్పుడే బటర్ సగం జారిపోయి ఉంది.

ఓవెన్‌లో జరిగేది ఒక పరుగు పందెం. ఒకపక్క బటర్ కరిగి పిండిని పక్కలకు జార్చుతుంది. ఇంకోపక్క వేడికి నీరు ఆవిరై, పిండిలోని ప్రొటీన్లు బిగుసుకుని అంచులు గట్టిపడతాయి. ముందు అంచు బిగిస్తే నక్షత్రం నక్షత్రంగానే ఉంటుంది. ముందు బటర్ జారితే గుండ్రని బిస్కెట్ వస్తుంది. మనం చేయగలిగిందల్లా బటర్ ఆలస్యంగా కరిగేలా, అంచు త్వరగా బిగిసేలా చూడటమే.

ముందు కొలతలు చూద్దాం. మీ కప్పుల లెక్కను బరువులోకి మారిస్తే మైదా సుమారు 260 గ్రాములు, బటర్ 225, పంచదార 200 అవుతాయి. బటర్ దాదాపు మైదాతో సమానంగా ఉంది, పంచదార కూడా దానికి దగ్గరగానే ఉంది. ఇవి ఆకారం నిలిచే పాళ్లు కావు. చెంచాతో వేసి పరచుకోనిచ్చే కుకీలకైతే సరిపోతాయి. కోసి చేసే కుకీలకు యూరప్ బేకర్లు తరతరాలుగా పాటించే లెక్క ఒకటుంది: బరువులో పంచదార ఒక పాలు, బటర్ రెండు పాళ్లు, మైదా మూడు పాళ్లు. చల్లని దేశాల్లో అది చక్కగా పనిచేస్తుంది. మన ఎండాకాలానికి బటర్‌ను ఇంకొంచెం తగ్గించమని చెబుతాను. మైదా 300 గ్రాములు, బటర్ 180, పంచదార పొడి 100, బాగా చల్లని పాలు ఒకటిన్నర నుంచి రెండు పెద్ద చెంచాలు, వెనిలా ఎసెన్స్ ఒక చిన్న చెంచా. ఏలకుల పొడి ఇష్టమైతే అర చెంచా వేయండి, బాగుంటుంది. మీది ఉప్పు బటర్ కాబట్టి వేరే ఉప్పు అక్కర్లేదు. పంచదార తక్కువగా ఉందనుకోకండి, పైన ఐసింగ్ (పంచదార పూత) వస్తుంది.

దయచేసి వంటింటి కాటా ఒకటి కొనండి. ఒకే కప్పును ఒకరు వదులుగా నింపితే 120 గ్రాముల మైదా పడుతుంది, ఇంకొకరు అదిమి నింపితే 150 దాకా పడుతుంది. సాంబారులో ఈ తేడా తెలియదు. కుకీలో తొండం ఉండటానికీ పోవడానికీ ఉన్న తేడా అదే.

బేకింగ్ పౌడర్ పూర్తిగా మానేయండి. చాలా వంటకాల్లో అలవాటుగా రాస్తారు కానీ, కోసిన కుకీలకు దాని అవసరం లేదు. అది గ్యాసు పుట్టించి పిండిని ఉబ్బిస్తుంది, ఉబ్బినప్పుడు కోణాలు మొద్దుబారతాయి. వంట సోడా అయితే ఇంకా నష్టం, పరచుకోవడాన్నీ రంగు తిరగడాన్నీ రెండింటినీ పెంచుతుంది. గుల్లదనం ఎలా వస్తుందని మీకు అనుమానం రావచ్చు. ఈ పాళ్లలో ఆ గుల్లదనాన్ని బటరే ఇస్తుంది, మైదా రేణువుల చుట్టూ కొవ్వు పొర కట్టి అవి ఒకదానికొకటి గట్టిగా అతుక్కోకుండా చేస్తుంది.

పంచదారను తప్పకుండా మిక్సీలో మెత్తగా పొడి చేసి జల్లించండి. మన దగ్గర దొరికే పంచదార పలుకులు పెద్దవి. పిండిలో అవి కరగకుండా ఉండిపోతాయి, ఓవెన్ వేడికి పాకంలా మారి అప్పటికప్పుడు పిండిని పలుచన చేస్తాయి. నక్షత్రాలు గుండ్రంగా అవడానికి ఇది పెద్ద కారణమే కానీ, దీన్ని పట్టించుకునేవారు తక్కువ. దుకాణంలో కొనే ఐసింగ్ షుగర్‌లో సాధారణంగా కొంచెం మొక్కజొన్న పిండి కలిపి ఉంటుంది, అది కూడా ఆకారానికి మేలే చేస్తుంది.

బటర్ బదులు నెయ్యి వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు కాబట్టి పిండి ఇసుకలా విడిపోతుంది, వత్తితే అంచులు పగులుతాయి. పైగా మేలో అది డబ్బాలో నూనెలా ఉంటుంది. నెయ్యిని నాన్‌ఖటాయీకి ఉంచుకోండి, అక్కడ దాని రుచికి సాటి లేదు. వనస్పతి వేడికి కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది, ఆకారం కూడా బాగా వస్తుంది. 2022 జనవరి నుంచి ఇలాంటి కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకు చేటు చేసే కొవ్వు) 2 శాతం మించకూడదన్న నిబంధన కూడా ఉంది. అయినా నేను వాడను. నాలుక మీద అది వదిలే జిడ్డు పొర నాకు నచ్చదు. పిల్లలకు పెట్టేటప్పుడు బటర్ రుచికే నా ఓటు.

ఇక కలపడం. కేక్‌కు చేసినట్టు బటర్, పంచదార తెల్లగా నురగలా వచ్చేదాకా గిలకొట్టవద్దు. అలా గిలకొడితే లోపల గాలి చేరుతుంది, ఆ గాలి ఓవెన్‌లో వ్యాకోచించి ఆకారాన్ని చెడగొడుతుంది. ఈ ఎండలో నేను సూచించే పద్ధతి వేరు. మిక్సీ పెద్ద జారులో మైదా, పంచదార పొడి వేసి ఒకసారి తిప్పండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన బటర్‌ను చిన్న ముక్కలుగా కోసి వేసి, ఆపి ఆపి తిప్పండి. ఉప్మా రవ్వలా కనిపించగానే వెనిలా, చల్లని పాలు వేసి మళ్లీ రెండు మూడు సార్లు ఆపి ఆపి తిప్పితే ముద్దలు కట్టడం మొదలవుతుంది. అక్కడే ఆపండి. జారు నిండా వేయకుండా రెండు విడతలుగా చేస్తే మోటారు వేడెక్కదు. చేత్తో కలపడం కంటే ఇది మేలు, ఎందుకంటే అరచేతి వేడే బటర్‌ను మెత్తబరచడానికి చాలు.

పళ్లెంలోకి తీసి, చేతివేళ్లతో దగ్గరకు చేర్చి అదమండి. అంతవరకే. చపాతీ పిండిలా మర్దించకూడదు. మర్దించిన కొద్దీ మైదాలోని గ్లూటెన్ (సాగే గుణమున్న ప్రొటీన్) సాగి, తర్వాత వెనక్కి లాగుతుంది. అప్పుడు కుకీ పరచుకోదు కానీ ముడుచుకుంటుంది. ఏనుగు పొట్టిగా, లావుగా తయారవుతుంది. పరచుకోవడం, ముడుచుకోవడం వేరువేరు సమస్యలు. మొదటిది వేడి వల్ల, కొలతల వల్ల వస్తుంది. రెండోది చేతి ఒత్తిడి వల్ల వస్తుంది. మీది మొదటిదే.

ఇక్కడ చాలా వంటకాల్లో ఒక మాట కనిపిస్తుంది: ముద్దను ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టి, తర్వాత వత్తండి అని. మన వాతావరణానికి నేను దీన్ని తిరగేసి చెబుతాను. గట్టిపడిన ముద్దను వత్తాలంటే బలం పెట్టాలి, అది వత్తడానికి వీలయ్యే సమయానికి మళ్లీ వేడెక్కిపోతుంది. కాబట్టి ముందు వత్తండి, తర్వాత చల్లబరచండి. ముద్దను రెండు భాగాలు చేయండి. ఒక్కో భాగాన్ని రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి చపాతీ కర్రతో వత్తండి. పేపరు ఓవెన్ వేడికి తట్టుకునేదై ఉండాలి, మైనం పూసినది పనికిరాదు. పేపర్ల మధ్య వత్తితే పొడి పిండి చల్లే పని ఉండదు. ఆ పొడి పిండి ఎక్కువైతే కుకీ గట్టిగా, పిండి రుచితో వస్తుంది.

మందం 5 నుంచి 6 మిల్లీమీటర్లు. అంతకంటే పలుచగా చేస్తే తొండం మాడిపోతుంది, మందంగా చేస్తే మధ్యలో పచ్చిగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది మందం అంతటా ఒకేలా ఉండటం. దానికి ఒక సులువైన మార్గం ఉంది: 6 మిల్లీమీటర్ల మందమున్న రెండు చదునైన కర్ర పట్టీలు తెచ్చి, పిండికి అటొకటి ఇటొకటి పెట్టి, చపాతీ కర్ర చివరలు వాటి మీద దొర్లేలా వత్తండి. చపాతీ కర్ర ఆ పట్టీల కంటే కిందికి దిగలేదు కాబట్టి అంతా సమంగా వస్తుంది. వడ్రంగి దుకాణంలో అడిగితే కోసి ఇస్తారు. మీరు కొన్న కట్టర్ల కంటే ఈ రెండు పట్టీలే మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

వత్తిన పలకను పేపర్లతో సహా స్టీలు పళ్లెం మీద చదునుగా పెట్టి ఫ్రిజ్‌లో 40 నిమిషాలు ఉంచండి. తీసి చూస్తే వంగకుండా అట్టలా గట్టిగా ఉండాలి. ఏసీ గది ఉంటే వత్తడం, కోయడం అక్కడే చేసుకోండి. లేకపోతే తెల్లవారుజామున లేచి చేయండి. మధ్యాహ్నం రెండు గంటలకు ఈ పని పెట్టుకోకండి.

కోసేటప్పుడు పై పేపరు తీసి, కట్టర్ అంచును మైదాలో అద్ది దులిపి, నిటారుగా కిందికి నొక్కండి. మెలితిప్పకండి. తిప్పితే అంచులు నలుగుతాయి, నలిగిన అంచు ఓవెన్‌లో ముందుగా జారుతుంది. అంచు నుంచి మొదలుపెట్టి ఆకారాలు దగ్గరదగ్గరగా వచ్చేలా కోయండి. ఇప్పుడు అసలు కిటుకు: కోసిన ఏనుగును చేత్తో ఎత్తకండి, దాని చుట్టూ ఉన్న మిగులు పిండిని తీసేయండి. ఏనుగు ఉన్నచోటే, కింది పేపరు మీదే ఉండిపోతుంది. ఆ పేపరును అలాగే ట్రే మీదికి జరపవచ్చు. వాటి మధ్య ఎడం చాలకపోతే పలుచని అట్లకాడతో జరపండి, వేళ్లతో మాత్రం పట్టుకోవద్దు. తొండం సాగేది, తోక తెగేది ఆ ఎత్తడంలోనే.

మిగులు పిండిని చేర్చి మళ్లీ వత్తుకోవచ్చు, కానీ రెండుసార్లకు మించి వద్దు. ప్రతిసారీ కుకీ కాస్త బిరుసెక్కుతుంది. మూడోసారి మిగిలిన పిండిని చాకుతో డైమండ్లుగా కోసి ఇంట్లోవాళ్లకు ఉంచేయండి.

ఇప్పుడు ఎవరూ వదలకూడని మెట్టు. కోసిన కుకీలను ట్రేతో సహా ఫ్రీజర్‌లో 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఫ్రీజర్‌లో ట్రే పట్టదు. అప్పుడు పేపరును ముక్కలు చేసి, చిన్న స్టీలు పళ్లాల మీద నాలుగైదు కుకీల చొప్పున పెట్టండి. ఓవెన్ పూర్తిగా వేడెక్కాకే వాటిని బయటికి తీసి, అరనిమిషంలో లోపలికి పంపాలి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మీరు కోసిన కుకీలను బల్ల మీద ఉంచి ఓటీజీ స్విచ్ వేశారు. అది వేడెక్కే పది నిమిషాల్లోనే ఆట ముగిసింది.

ఓటీజీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చిన్న ఓటీజీల్లో వేడెక్కే రాడ్లు ట్రేకు దగ్గరగా ఉంటాయి, లోపల ఒక మూల వేడి ఎక్కువ, ఒక మూల తక్కువ. డయల్ మీద చూపే అంకెకూ లోపలి వేడికీ 15, 20 డిగ్రీల తేడా ఉండటం మామూలే. కొన్ని వందల రూపాయలకు ఓవెన్ థర్మామీటర్ దొరుకుతుంది. దాన్ని మధ్య అరలో పెట్టి, పైనా కిందా రెండు రాడ్లూ వెలిగేలా పెట్టి, 15 నిమిషాల తర్వాత చదవండి. అది 170 నుంచి 175 చూపాలి. డయల్‌ను దానికి తగ్గట్టు సర్దుకుని, ఆ చోటును పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

మాడిపోతాయన్న భయంతో మీరు 150 డిగ్రీల్లో కాల్చానని రాశారు. ఈ జాగ్రత్తే మీకు ఎదురు తిరిగింది. వేడి తక్కువైతే అంచు బిగుసుకోవడం ఆలస్యమవుతుంది, ఈలోగా బటర్ తాపీగా కరిగి పక్కలకు జారుతుంది. పైన త్వరగా రంగు తిరుగుతుంటే వేడి తగ్గించకండి, ట్రేను ఒక అర కిందికి దించండి. అడుగు మాడుతుంటే కింద ఇంకో ఖాళీ ట్రే జతచేయండి. నల్లటి ట్రే వేడిని ఎక్కువగా లాగుతుంది, లేత రంగు అల్యూమినియం ట్రే దీనికి మంచిది. ట్రే గోడలకు ఆనుకోకుండా చుట్టూ కనీసం 2 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.

170 డిగ్రీల్లో 6 మిల్లీమీటర్ల కుకీకి 11 నుంచి 14 నిమిషాలు పడుతుంది. ఎనిమిదో నిమిషంలో ట్రేను ఒకసారి తిప్పి పెట్టండి, అంతకుముందు తలుపు తీయవద్దు. అంచుల్లో లేత బంగారు రంగు కనిపించి, పైభాగం మెరుపు పోయి పాలిపోయినట్టు ఉంటే చాలు. అప్పటికి మెత్తగానే ఉంటుంది, చల్లారాక గట్టిపడుతుంది. గట్టిపడలేదని ఇంకో ఐదు నిమిషాలు ఉంచితే చేదు వస్తుంది. బయటికి తీశాక ట్రే మీదే ఐదారు నిమిషాలు వదిలి, తర్వాత జాలీ మీదికి మార్చండి. ఒక ట్రేలో ఒకే సైజు కుకీలు పెట్టండి. పెద్ద ఏనుగు పక్కన చిన్న నక్షత్రం పెడితే రెండింట్లో ఒకటి తప్పక పాడవుతుంది. రెండో విడతకు ట్రేను నీళ్ల కింద చల్లార్చి, తుడిచి వాడండి. వేడి ట్రే మీద పెడితే ఫ్రీజర్‌లో పెట్టిన ఫలితం అంతా పోతుంది.

కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవారికి కూడా ఇదే పద్ధతి, ఫ్యాను ఉంటుంది కాబట్టి 10 నుంచి 15 డిగ్రీలు తగ్గించాలి. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో కుకీలు కాల్చడం కుదరదు. కుక్కర్‌లో ఉప్పు పోసి కాల్చే పద్ధతిలో వేడి ఎంతుందో తెలియదు, కింది నుంచే వస్తుంది. ఆకారం ముఖ్యమైనప్పుడు దాన్ని నేను సిఫారసు చేయను.

అన్నిటికీ ముందు ఒక పరీక్ష చేయండి. మొత్తం కాల్చకముందే రెండు కుకీలను మాత్రం లోపల పెట్టి చూడండి. అవి ఇంకా పరచుకుంటే మిగతావాటిని ఫ్రీజర్‌లో ఇంకో పది నిమిషాలు ఉంచండి. అయినా జారుతుంటే కోయని ముద్దకు రెండు చెంచాల మైదా చేర్చండి. అంచులు పగుళ్లు వస్తుంటే పాలు తక్కువైనట్టు, ఒక చిన్న చెంచా చాలు.

గోధుమ పిండి సంగతి. మొత్తం మైదాను మార్చేయకండి, సగానికి సగం కలపండి. గోధుమ పిండి నీటిని ఎక్కువ పీలుస్తుంది కాబట్టి పాలు ఒక పెద్ద చెంచా ఎక్కువ పడతాయి. ఆకారం బాగానే నిలుస్తుంది, అంచులు మాత్రం కాస్త గరుకుగా వస్తాయి. రాగి పిండి అయితే నాలుగో వంతు దాటనివ్వకండి. అందులో గ్లూటెన్ లేదు, కోసేటప్పుడే విరుగుతుంది. ముదురు రంగు వల్ల కాలిందో లేదో కంటితో తెలుసుకోవడం కూడా కష్టం, సమయం చూసుకోవాలి. బెల్లం పొడి తేమను లాగుతుంది, కుకీని పరచేలా చేస్తుంది. కావాలంటే పంచదారలో సగం వరకే మార్చండి.

కట్టర్ల గురించి కూడా రెండు మాటలు. మీ స్టీలు కట్టర్లు మంచివే. ఇకముందు కొనేటప్పుడు తొండం, తోక, కాళ్లు వేలెడు వెడల్పైనా ఉన్నవి చూడండి, సన్నని భాగాలు ముందే మాడి విరుగుతాయి. రేకు కట్టర్లు తుప్పు పడతాయి, కడిగి తుడిచాక ఆర్పేసిన ఓటీజీలో, ఆ మిగులు వేడిలో ఉంచితే పూర్తిగా ఆరతాయి. ప్లాస్టిక్‌వి అలా పెట్టకూడదు. కావలసిన ఆకారం దొరకకపోతే శుభ్రమైన మందపాటి కాగితం మీద బొమ్మ గీసి కత్తిరించి, బటర్ పేపరు ముక్క అడ్డం పెట్టి, చల్లని పిండి మీద ఉంచి సన్నని చాకుతో చుట్టూ కోయవచ్చు. మీ బాబు గీసిన బొమ్మే ఇలా కుకీ అయితే వాడి ఆనందం ఎలా ఉంటుందో ఊహించండి. ఇంట్లో గవ్వల చెక్క ఉంటే దాన్నీ వాడండి. కోసిన నక్షత్రం మీద మెల్లగా అద్దితే గీతలు పడతాయి, ఐసింగ్ అవసరం లేకుండానే అందంగా ఉంటాయి. బేకింగ్ పౌడర్ లేదు కాబట్టి ఆ గీతలు కాల్చాక కూడా నిలుస్తాయి.

గుడ్డు లేని ఐసింగ్‌కు 150 గ్రాముల ఐసింగ్ షుగర్ జల్లించి, ఒకటిన్నర పెద్ద చెంచాల నీళ్లు, కొన్ని చుక్కల నిమ్మరసం, ఒక చిన్న చెంచా లిక్విడ్ గ్లూకోజ్ కలపండి. గ్లూకోజ్ వల్ల మెరుపు వస్తుంది, పగుళ్లు రావు. పాలతో కలపమని చాలాచోట్ల ఉంటుంది కానీ, ఈ వేడిలో నీళ్లే నయం. చెంచాతో ఎత్తి గిన్నెలోకి వదిలితే ఆ ధార గుర్తు 10, 15 సెకన్లలో మాయమవ్వాలి, అది లోపల నింపడానికి సరైన పలుచదనం. అంచు గీత గీయడానికి ఇంకొంచెం ఐసింగ్ షుగర్ కలిపి చిక్కగా చేసుకోండి. ముందు అంచు గీసి, అది ఆరాక లోపల నింపితే కారిపోదు. రంగులు జెల్ రకం తీసుకోండి, నీటి రంగులు ఐసింగ్‌ను పలుచన చేస్తాయి. మెరింగ్ పౌడర్ వాడమని ఎవరైనా చెబితే జాగ్రత్త, అది ఎండబెట్టిన గుడ్డు తెల్లసొనతో తయారవుతుంది.

కుకీలు పూర్తిగా చల్లారాకే ఐసింగ్ వేయాలి. తర్వాత ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి. గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. త్వరగా ఆరాలని ఫ్రిజ్‌లో పెట్టకండి, బయటికి తీయగానే తేమ పట్టి రంగులు ఒకదానిలోకి ఒకటి పాకుతాయి.

పైన చెప్పిన కొలతతో 6, 7 సెంటీమీటర్ల కట్టర్ వాడితే సుమారు 20 నుంచి 25 కుకీలు వస్తాయి. పిల్లల సంఖ్య కంటే ఐదారు ఎక్కువ చేసుకోండి, ఒకటి రెండు తోకలు విరగడం ఖాయం. అన్నీ ఒకేరోజు పెట్టుకోవద్దు. వత్తిన పిండి పలకలను గాలి చొరకుండా చుట్టి ఫ్రీజర్‌లో నెలరోజుల వరకు దాచుకోవచ్చు. కాల్చిన కుకీలు మూత గట్టిగా పట్టే డబ్బాలో వారం రోజులు కరకరలాడుతూ ఉంటాయి. మెత్తబడితే 150 డిగ్రీల్లో మూడు నాలుగు నిమిషాలు ఉంచి చల్లార్చండి, ఇది ఐసింగ్ వేయనివాటికి మాత్రమే. కాబట్టి పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు కాల్చి, రెండు రోజుల ముందు ఐసింగ్ వేసి, ముందురోజు సాయంత్రం ఒక్కోదాన్ని విడిగా కవరులో పెట్టండి. ఐసింగ్ గట్టిగా ఆరినా ఒకదాని మీద ఒకటి పేర్చవద్దు. పంచేముందు పిల్లల తల్లులను ఒక మాట అడగండి, పాలు, గోధుమ పడనివారు ఎవరైనా ఉండవచ్చు.

ఈ వారంలోనే సగం కొలతతో ఒకసారి చేసి చూడండి. అప్పటికీ తొండం కలిసిపోతుంటే మూడు సంగతులు రాయండి: థర్మామీటర్ చూపిన అంకె, ఫ్రీజర్‌లో ఎన్ని నిమిషాలు ఉంచారు, ఫ్రీజర్ నుంచి తీసినప్పుడు కుకీ గట్టిగా ఉందా, వేలితో నొక్కితే దిగిందా. వీటిని బట్టి ఎక్కడ సరిచేయాలో చెబుతాను.